మెరుపు మీద మోజు

హాంకాంగ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నాకు చైనా పొడుం సీసాల పిచ్చి పట్టుకుంది. పింగాణీవి, పైన రంగుల బొమ్మలు వేసినవి. ఎత్తు ఆరేడు సెంటీమీటర్లు. పిడికిలి మూస్తే బయటికి కనబడవు. మూతకు అడుగున బెండు, ఆ బెండుకు గుచ్చిన సన్నటి చెంచా ఉంటాయి. ఆ చెంచాతో చిటికెడు పొడుం తీసి బొటనవేలి గోరు మీద పెట్టుకుని పీల్చేవాళ్లు. ఈ సీసాలు కొనడంలో నేను చేసిన పొరపాట్లు ఒకటీ రెండూ కావు. కానీ ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే అన్నిటికీ మూలం ఒక్కటే అనిపిస్తోంది. మెరిసే వస్తువంటే నాకు మోజు. మచ్చ, గీత, వెలిసిన రంగు కనబడితే మనసు వెనక్కి లాగేది. పాత వస్తువుల మీద ప్రేమ ఉందనుకున్నాను గానీ, పాత వస్తువు కొత్తదానిలా ఉండాలని కోరుకున్నాను.

మొదటి సీసా ఇంటికి తెచ్చినప్పుడు ఊరినుంచి వచ్చిన మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పొడుం బుడ్డికి ఇంత సింగారమా నాయనా! మీ తాతయ్య రేకు డబ్బీతోనే జీవితం గడిపేశాడు" అంది. మా తాతయ్యది బందరు దగ్గర ఊరు. మచిలీపట్నం పేరు మీద నశ్యం ఒకప్పుడు ఇంగ్లండు దుకాణాల్లో కూడా అమ్మేవాళ్లని నేను చాలా తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. పొడుం అలవాటు మన ఇళ్లలోంచి దాదాపు వెళ్లిపోయింది. చైనాలో అంతకన్నా ముందే, రాచరికం పోయి సిగరెట్టు రావడంతో వెళ్లిపోయింది. సీసాలు మిగిలాయి.

అవి ఎలా పుట్టాయో కాస్త చెప్పాలి, ఎందుకంటే నాకు అది తెలియకపోవడమే మొదటి దెబ్బకు దారి తీసింది. పొగాకు పొడుం చైనాకు యూరప్ వాళ్లతో వచ్చింది. 1684లో కాంగ్‌షీ చక్రవర్తి దక్షిణాది పర్యటనలో నాన్‌జింగ్ వెళ్లినప్పుడు అక్కడి జెసూట్ పాదరీలు కానుకలు సమర్పిస్తే, మిగతావన్నీ తిరిగి ఇచ్చేసి పొడుం మాత్రం ఉంచుకున్నాడట. 1696లో ఆయన కొలువులోనే గాజు కార్ఖానా మొదలైంది. దాన్ని నిలబెట్టినవాడు కిలియన్ స్టంఫ్ అనే జర్మన్ పాదరీ. యూరప్ నుంచి వచ్చిన పొడుం డబ్బీలు తెరిచినప్పుడల్లా లోపలికి గాలి తగులుతుంది, తేమకు పొడుం ముద్దకడుతుంది. చైనాలో మందులు దాచుకునే చిన్న సీసాలు అప్పటికే ఉన్నాయి. మూతి చిన్నది, బిరడా బిగుతు. పొడుం వాటిలోకి మారింది. జలుబుకీ తలనొప్పికీ అది మందన్న నమ్మకం కూడా తోడైంది.

గాజు, జేడ్, అగేట్, రాగి మీద మీనా పని ఇవన్నీ ముందు వచ్చాయి. పింగాణీ సీసాలు పెద్ద ఎత్తున తయారైంది మాత్రం ఆలస్యంగానే. చియాన్‌లుంగ్ చక్రవర్తి (1736–1795) ఏలుబడి చివరికి వచ్చాక ఊపందుకుని, 19వ శతాబ్దంలో వెల్లువెత్తాయి. అంటే నిజంగా చియాన్‌లుంగ్ కాలంలో రాజుగారి బట్టీల్లో కాలిన పింగాణీ పొడుం సీసా చాలా అరుదు. బయట అమ్మకానికి ఊరికే కనబడదు.

నాకు కనబడింది. హాలీవుడ్ రోడ్డులో ఒక దుకాణం, వెలుతురు చక్కగా పడే అద్దాల బీరువా. బల్లపరుపుగా గుండ్రంగా ఉన్న సీసా. ఒకవైపు లాంతర్లు పట్టుకుని ఆడుకుంటున్న పిల్లలు, ఇంకోవైపు గాలిపటాలు ఎగరేస్తున్న పిల్లలు. వాళ్ల చొక్కాల గులాబీ రంగు చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఆ గులాబీని బంగారం నుంచి తీస్తారు. 1720 ప్రాంతంలో చైనా పనివాళ్ల చేతికి వచ్చిన రంగు అది. తెల్లటి పింగాణీని ముందు దాదాపు 1300 డిగ్రీల వేడిలో కాల్చి, దాని మీద ఈ రంగులతో బొమ్మ వేసి, మళ్లీ ఏడెనిమిది వందల డిగ్రీల దగ్గర రెండోసారి కాలుస్తారు. ఫెన్‌ట్సాయ్ అంటారు ఈ పనిని. మూతి చుట్టూ బంగారు గీత చెక్కు చెదరలేదు. అడుగున ఎర్రటి అక్షరాల్లో చియాన్‌లుంగ్ ముద్ర. దుకాణదారు టీ పోసి, బీజింగ్‌లో ఒక పాత కుటుంబం, కష్టకాలం, గోడలో దాచిన పెట్టె అంటూ మెల్లగా కథ చెప్పాడు. ఒక నెల జీతం ఇచ్చి కొనుక్కున్నాను. ఆ రాత్రి దాన్ని దీపం కింద పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాను. ఆవగింజంత మచ్చ కూడా లేదు.

కొన్నాళ్లకు నా సంబరం చూసి ఒక మిత్రుడు నన్ను తనకు తెలిసిన ఒక చైనా పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఉద్యోగం నుంచి రిటైరై, చిన్న ఫ్లాటులో భార్యతో ఉంటున్నాడు. ఎన్నో ఏళ్లుగా ఈ సీసాలు సేకరిస్తున్న మనిషి. నేను సీసా చేతికిస్తూనే అడుగున ముద్ర చూడమన్నాను. ఆయన అటు చూడలేదు. ముందు మూత తీశాడు. చిన్న భూతద్దం, పదింతలు పెద్దది చేసి చూపేది, కంటికి ఆనించి సీసా మూతి లోపలి అంచును చుట్టూ చూశాడు. అప్పుడు ఆ అద్దం నాకిచ్చి నన్ను చూడమన్నాడు.

మూతి లోపలి అంచు పదునుగా ఉంది. నిన్న బట్టీలోంచి వచ్చినట్టు.

ఆయన ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు: దీన్ని రెండు వందల ఏళ్లు వాడారంటున్నారు కదా, మరి చెంచా ఎక్కడ తగిలింది? రోజుకు ఎన్నోసార్లు బిరడా తీసి పెట్టి, చెంచా లోపలికీ బయటికీ తిప్పితే ఆ అంచు ఏదో ఒకచోట మెత్తబడాలి. పింగాణీ గట్టిదే, కానీ కాలం దానికన్నా మొండిది. అదే అద్దంతో ఆయన ఇంకోటి చూపించాడు. సీసా పొట్ట మీద సన్నటి గీతలు ఉన్నాయి. చూడగానే వాడకం వల్ల వచ్చినవనిపిస్తాయి. కానీ అవన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయి. నిజంగా అరిగిన వస్తువు మీద గీతలు నానా దిక్కులా ఉంటాయి, అదీ బొటనవేలు ఆనే చోట, ఉబ్బెత్తుగా ఉండే చోట ఎక్కువగా. ఇక్కడ వేలు ఎప్పుడూ తగలని మెడ కింది పల్లంలో కూడా అరుగుదల ఉంది. అడుగు వలయం మీది గోధుమరంగు మురికి కూడా అంతే. రుద్ది పట్టించింది, పట్టింది కాదు.

అప్పటికే నాకు చెమటలు పట్టాయి. కానీ ఆయన అసలు సంగతి చివరికి దాచుకున్నాడు. సీసాను నిలువుగా తిప్పి సన్నటి పక్క భాగం చూపించాడు. గాలిపటం దారం ఒకవైపు బొమ్మలో మొదలై పక్కకు వచ్చేసరికి మాయమైంది. అవతలివైపు మేఘం సగంలో ఆగిపోయింది. రెండు బొమ్మలూ ఒకదాన్నొకటి ఎరగవు. పాత పనివాడు సీసాను చేతిలో తిప్పుకుంటూ బొమ్మ వేస్తాడు కాబట్టి నేల, చెట్టు, మేఘం భుజాల మీదుగా అవతలికి సాగిపోతాయి. దీన్ని వేసినవాళ్లు పుస్తకంలో ఫోటో చూసి వేశారు. ఫోటోలో ముందువైపు, వెనకవైపు మాత్రమే ఉంటాయి.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఒక సెలవుల్లో జింగ్‌దెజెన్ వెళ్లాను, పింగాణీకి పుట్టిల్లు లాంటి ఊరది. పక్కనున్న గావ్‌లింగ్ గ్రామపు తెల్లమట్టి పేరే ప్రపంచమంతటా కయోలిన్ అయింది. ఊళ్లో ఫాన్‌జియాజింగ్ అనే పేట ఉంది. పాత పింగాణీకి నకళ్లు చేసే కార్ఖానాలకు పేరుపొందిన చోటు. ఒక గదిలో ఒక అమ్మాయి వేలంపాట పుస్తకం తెరిచి ముందు పెట్టుకుని చేప బొమ్మ వేస్తోంది. ఆమె చెయ్యి బాగుంది, నిజంగా బాగుంది. కుంచెను చేప వెన్ను మీదుగా ఆచితూచి జరుపుతూ, మధ్యమధ్య ఆగి ఫోటో చూసుకుంటూ, మళ్లీ అక్కడినుంచే కలుపుతోంది. ధర అడిగితే, కొత్త వస్తువుకు తగ్గ ధరే చెప్పింది. ఆమె ఎవర్నీ మోసం చేయడం లేదు. ఆ గదికీ హాలీవుడ్ రోడ్డులోని అద్దాల బీరువాకీ మధ్య ఎక్కడో, ఎవరి చేతిలోనో, దానికి రెండు వందల ఏళ్ల వయసు వచ్చి చేరుతుంది.

గీత సంగతి నాకు అక్కడే బోధపడింది. మన ఇళ్ల ముందు పొద్దున్నే ముగ్గు వేసే ఆవిడ పిండి జారవిడుస్తూ చుక్కల చుట్టూ మెలిక తిప్పుతుంటే ఆ గీతలో ఎక్కడా తడబాటు ఉండదు; అదే ముగ్గును పుస్తకం చూసి ఎక్కించేవాళ్ల గీత ప్రతి మలుపులోనూ ఆలోచిస్తుంది. పొడుం సీసాల మీద పిల్లల ముఖాలు వేసిన పాత పనివాళ్లు అలాంటి ముఖాలు జీవితమంతా వేసినవాళ్లు. భూతద్దంలో చూస్తే కన్ను ఒక్క చుక్క, బుగ్గ ఒక్క వంపు. గీత లావుగా మొదలై సన్నగా ముగుస్తుంది. నా సీసా మీది పిల్లల ముఖాలన్నీ ఒకే మందం గీతలు. చాలా చోట్ల గీత మధ్యలో ఆగి మళ్లీ అందుకున్న గుర్తు ఉంది. నేను దాన్ని దీపం కింద చూసిన గంటల్లో ఇది ఒక్కసారి కూడా చూడలేదు. మెరుపును చూశాను, ముద్రను చూశాను.

పాతదనం తెచ్చిపెట్టే విద్య కొత్తదేమీ కాదు. జింగ్‌దెజెన్‌లో ఉన్న దాంత్రెకోల్ అనే ఫ్రెంచి పాదరీ అక్కడి పింగాణీ పని గురించి 1712లో స్వదేశానికి పెద్ద ఉత్తరం రాశాడు. ఒక్కో వస్తువు 70 మంది చేతులు మారి తయారవుతుందని రాసిన ఆ ఉత్తరంలోనే, పాతవాటికి నకళ్లు చేసేవాళ్లు వస్తువును కొవ్వు మాంసం రసంలో ఉడికించి, మురికి కాలవలో నెలా అంతకన్నా ఎక్కువ రోజులూ పడేసి, మూడు నాలుగు వందల ఏళ్లనాటిదని అమ్ముతారని కూడా రాశాడు. నా దుకాణదారు వాడింది యాసిడ్ కావచ్చు, మెరుగు పోగొట్టడానికి అదే తేలిక. పద్ధతి మారింది, పని అదే.

కథ విని వస్తువు కొనడంలో నాకంటే పెద్దవాళ్లు కూడా పడ్డారు. 1820ల చివర్లో ఈజిప్టు వెళ్లిన ఇటలీ పండితుడు రోసెలీని, తీబ్స్ దగ్గర సమాధుల్లో దొరికిందంటూ ఒక చిన్న చైనా పింగాణీ సీసాను తెచ్చాడు. అలాంటివి ఇంకా కొన్ని బయటపడ్డాయి. ఫారోల కాలంలోనే చైనాతో వ్యాపారం ఉండేదని యూరప్‌లో కొందరు నమ్మారు. చైనా భాష తెలిసినవాళ్లు ఆ సీసాల మీది అక్షరాలు చదివి చూస్తే, అవి ఫారోలు పోయిన ఎన్నో శతాబ్దాల తర్వాత పుట్టిన కవుల పద్యపాదాలు. సమాధి దగ్గర సీసా అమ్మినవాడు కథ కూడా కలిపి అమ్మాడు. చదివితే తెలిసేది సీసా మీదే రాసి ఉంది.

నా రెండో పొరపాటు మొదటిదానికి తిరగబడ్డది. ఒకసారి కాలాక అన్నిటినీ అనుమానించడం మొదలుపెట్టాను. క్యాట్ స్ట్రీట్ అని అందరూ పిలిచే అప్పర్ లాస్కర్ రోలో (ఒకప్పుడు మన దేశపు ఓడ కళాసీలు ఉన్న వీధి అది, పేరు అలా వచ్చిందే) ఒక ముసలావిడ చిన్న బంకులో ఒక సీసా చూశాను. గొట్టంలా నిటారుగా ఉంది. దాని చుట్టూ మేఘాల్లో మెలికలు తిరిగిన డ్రాగన్. మేఘాలు నీలం, డ్రాగన్ ఎరుపు. ఈ రెండు రంగులూ మెరుగు పూతకు కిందే వేసి ఒకే కాల్పులో తీస్తారు. నీలం కోబాల్టు, ఎంత వేడినైనా తట్టుకుంటుంది. ఎరుపు రాగినుంచి వస్తుంది. బట్టీలో గాలి కొంచెం ఎక్కువైనా, వేడి కొంచెం తప్పినా ఆ ఎరుపు బూడిదరంగుకు తిరుగుతుంది, లేదా పూర్తిగా ఎగిరిపోతుంది. ఆ సీసాలో డ్రాగన్ తల దగ్గర ఎర్రగా ఉండి, తోక వైపు పోయేకొద్దీ నేరేడుపండు రంగులోకి, ఆపైన పొగరంగులోకి మారింది. మూతి దగ్గర వెంట్రుకవాసి బీట. అడుగున యుంగ్‌జెంగ్ ముద్ర, అంటే 1723–1735.

అప్పటికి నాకు కొంచెం చదువు వచ్చింది. ఇది 19వ శతాబ్దపు పని అని గుర్తుపట్టాను. అంతవరకు సరే. ముద్ర యుంగ్‌జెంగ్‌ది, పని నూరేళ్ల తర్వాతిది, కాబట్టి నకిలీ అని తీర్మానించుకున్నాను. రంగు చెడింది, మూతి బీటింది, ముద్ర అబద్ధం. మూడు దోషాలు లెక్కపెట్టి దించేశాను. ఆవిడ అడిగిన ధర నా మొదటి సీసా ధరలో పదోవంతు కూడా లేదు.

తర్వాత ఆ పెద్దాయనకు ఈ సంగతి చెబితే, ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ రకం సీసాలు 19వ శతాబ్దంలో జింగ్‌దెజెన్‌లో విరివిగా తయారయ్యాయి. యుంగ్‌జెంగ్ ముద్ర, ఇంకా వెనకటి చెంగ్‌హువా ముద్ర వాటి మీద వేయడం మామూలు. పాత రాజుల కాలపు పని మీద గౌరవంతో ముద్ర వేయడం అక్కడ ఎప్పటినుంచో ఉన్న ఆచారం. కాంగ్‌షీ కాలపు పింగాణీ మీదే 15వ శతాబ్దపు చెంగ్‌హువా ముద్రలు కనిపిస్తాయి. వేలంపాటల పుస్తకాల్లో ముద్రా కాలమూ రెండూ కలిసినవాటిని విడిగా చెబుతారు, ఉత్త ముద్ర ఉన్నవాటిని విడిగా చెబుతారు. నేను ఆ తేడా చదివాను కూడా. చదివింది ఒకటి, బంకు ముందు నిలబడి గుర్తుకు తెచ్చుకోవలసింది ఇంకొకటి. ఇక రాగి ఎరుపు పొగరంగుకు తిరగడం ఆ బట్టీ ఆ రోజు ఎలా మండిందో చెప్పే సాక్ష్యం. ఫోటో చూసి దాన్ని ఎవరూ తెప్పించలేరు. మళ్లీ వెళ్లేసరికి సీసా లేదు. ఎవరో కొనుక్కున్నారు. వాళ్లకు కళ్లున్నాయి.

ఈ రెండిటి వల్ల నాకు పోయింది డబ్బు, ఒక మంచి వస్తువు. మూడోదాని గురించి రాయడం కష్టంగానే ఉంది.

చివరికి ఒక అసలైన సీసా నా చేతికి వచ్చింది. ఆ పెద్దాయనే తన దగ్గరున్నది అమ్మాడు, అదీ నాకు దీని మీద నిజంగా ప్రేమ ఉందని నమ్మి. దావ్‌గ్వాంగ్ చక్రవర్తి (1821–1850) ముద్ర ఎర్రటి అక్షరాల్లో ఉంది. పనీ ఆ కాలానిదే. బొమ్మ కీచురాళ్లది. చైనాలో కీచురాళ్లను చిన్న బుర్రల్లో పెంచి, పందేలు కాసి పోట్లాడిస్తారు. ఆ రోజుల్లో సీసాల మీద అది ఇష్టమైన బొమ్మ. ఒక పక్క రెండు కీచురాళ్లు మీసాలు తగిలించుకుని ఎదురెదురుగా ఉన్నాయి, ఇంకో పక్క పంజరం తలుపు తీస్తున్న పిల్లవాడు. కీచురాయి వెనక కాలు మీద ముళ్లు ఉంటాయి చూడండి, అవి కూడా వేశాడు. కంటికి ఆనవు. భూతద్దం పెడితే ఒక్కో ముల్లూ ఒక్కో కుంచె మొన తాకిడి. మూతికి బంగారు అంచు, అక్కడక్కడ అరిగింది. లోపల భుజాల దగ్గర పొడుం ఎండి గోధుమరంగు పెచ్చుకట్టింది. వాసన చూస్తే ఇంకా కొంచెం ఘాటు ఉంది.

నేను దాన్ని కడిగాను.

లోపలి మురికి పోవాలని వేడినీళ్లలో బట్టల సబ్బుపొడి వేసి రాత్రంతా నానబెట్టాను. పొద్దున పెచ్చు ఊడకపోతే వంటసోడా వేసి, సన్నటి బ్రష్షు మూతిలో దూర్చి తోమాను. పైన కూడా తోమాను, శుభ్రంగా ఉంటుందని. నీళ్లు గోధుమరంగులోకి తిరిగాయి. సీసా ఆరబెట్టి వెలుతురులో చూస్తే తళతళలాడుతోంది. రెండు నిమిషాలు సంతోషించాను. తర్వాత మూతి చూశాను. బంగారం సగం లేదు. అడుగున ముద్రలో రెండక్షరాలు పలచబడ్డాయి. కీచురాయి మీసం ఒకటి కనబడ్డం లేదు.

రెండో కాల్పులో మెరుగు పూత పైన వేసే రంగుల్లో బంగారం అన్నిటికన్నా మెత్తన. పొడి వేసి గట్టిగా తోమితే లేచిపోతుంది. ఇనుము నుంచి తీసే ఎరుపు పలచటి పొర, దానికీ పట్టు తక్కువ. గులాబీ, తెలుపు లాంటి మందపాటి రంగులు నిలబడ్డాయి. అన్నిటికన్నా సున్నితంగా వేసినవే పోయాయి. ఇది ఏ పుస్తకంలోనైనా రాసి ఉంటుంది. నేను అడిగి ఉంటే ఆ పెద్దాయన ఒక్క మాటలో చెప్పేవాడు. నూట యాభై ఏళ్లకు పైగా ఎంతమంది చేతుల్లోనో నలిగి, దేశం ఒకటి తలకిందులై, అయినా బతికి వచ్చిన మీసం అది. నా వంటగది సింకులో పోయింది.

లోపలి పెచ్చు పోవడం కూడా నష్టమే, అప్పుడు తెలియలేదు. ఆ సీసా వాడకంలో ఉండేదని చెప్పే సాక్ష్యం అదే. తొలి సీసాకు లేనిది, దీనికి ఉన్నది అదే తేడా. దాన్ని నా చేతులతో నేనే తుడిచేశాను. నకిలీ కొన్నప్పుడు నా జేబుకు నష్టం, ఆ సంగతి నా వరకే. ఇది నాది అనుకున్నాను గానీ నాది కాదు. నా దగ్గర కొన్నాళ్లు ఉండడానికి వచ్చింది. పెద్దాయనకు చెప్పడానికి చాలా రోజులు ధైర్యం చాలలేదు. చెప్పాను. ఆయన సీసా అడిగి తీసుకుని, భూతద్దంతో మీసం ఉండాల్సిన చోట చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత నేను సీసాలు కొనే పద్ధతి పూర్తిగా మారిపోయింది. ముద్ర చివర చూస్తాను. ముందు మూతి లోపల, తర్వాత అడుగు వలయం, ఆ తర్వాత సన్నటి పక్కలు, అప్పుడు బొమ్మ. మెడ మరీ పొట్టిగా ఉంటే మూతి చిట్లితే అరగదీశారేమో అని చూస్తాను. అలా కురచ చేసి మీద బంగారం పూసి అమ్మడం ఉంది. చీకట్లో అల్ట్రావయొలెట్ దీపం వేస్తే కొత్తగా పూసిన రంగు, అతికిన చోటు వేరేగా వెలుగుతాయి. వయసు తేల్చే లాబొరేటరీ పరీక్షలు ఉన్నాయి కానీ వాటికి పింగాణీని తొలిచి ముక్క తీయాలి, ఇంత చిన్న సీసాకు అది గాయమే. అందుకే కళ్లే దిక్కు. కళ్లకు చదువు కావాలంటే విరిగినవి కొనాలి. మెడ విరిగిన అసలు సీసాలు, బీటలు వారినవి, మూత పోయినవి చవగ్గా దొరుకుతాయి. పగుల్లో పింగాణీ కండ ఎలా ఉంటుందో, రంగు పూతకు పైన ఉందో కింద ఉందో అవి చూపించినట్టు అద్దాల బీరువాలోని ఏ నిండు సీసా చూపించదు. నేను మొదట అవే కొనాల్సింది.

మూతల గురించి ఒక మాట. చాలా సీసాలకు ఇప్పుడున్న మూత అసలుది కాదు. పగడం, జేడ్, రంగు గాజు, ఏది సరిపోతే అది పెట్టేశారు. సేకరించేవాళ్లు దాన్ని పెద్ద దోషంగా చూడరు. చెంచా మాత్రం జాగ్రత్త. పాత చెంచాల్లో చాలావరకు ఏనుగు దంతంవి. హాంకాంగ్‌లో దంతం వ్యాపారాన్ని దశలవారీగా ఆపి 2021 చివరికి దాదాపు పూర్తిగా మూసేశారు. మన దేశంలోకి అది తేవడానికి అసలే లేదు. తిరిగి వచ్చేటప్పుడు నా సీసాల దంతపు చెంచాలన్నీ అక్కడే ఒక మిత్రుడికి అప్పగించి, బెండుకు వెదురు పుల్లలు గుచ్చుకుని తెచ్చుకున్నాను.

మొన్న అమెరికాలో ఉన్న మా అన్నయ్య కూతురు వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు పంపింది. వాళ్ల ఊళ్లో ఎవరో పెద్దవాళ్లు పోతే ఇంట్లో సామానంతా అమ్ముతున్నారట, అందులో ఒక చిన్న చైనా సీసా కనబడింది. నీలం బొమ్మ, పడవలో కూర్చుని గాలం వేస్తున్న మనిషి. "బాబాయ్, నలభై డాలర్లు అంటున్నారు. మూతి దగ్గర చిట్లింది, మూత లేదు. లోపల ఏదో గోధుమరంగు ఎండిపోయి ఉంది, అసహ్యంగా ఉంది. వద్దంటావా?" అని రాసింది.

పక్కలనుంచి ఫోటో తీయమన్నాను. తీసి పంపింది. నది అలలు సీసా చుట్టూ తిరిగి వచ్చాయి. గాలం దారం కర్ర చివరనుంచి నీళ్లదాకా ఎక్కడా ఆగలేదు. చిట్లిన చోట పింగాణీ తెల్లగా, సన్నటి రవ్వలా ఉంది. మూతి లోపలి అంచు ఒకవైపు నున్నబడింది.

వెంటనే ఫోన్ చేసి కొనేయమన్నాను. "సరే బాబాయ్, ఇంటికెళ్లగానే వేడినీళ్లలో..." అనబోయింది. అమ్మలూ, నీళ్లు తగలనివ్వకు, గుడ్డతో కూడా తుడవకు, చేతిరుమాల్లో చుట్టి అలా ఉంచెయ్ అన్నాను. ఎందుకని అడిగితే కీచురాయి మీసం సంగతి మొత్తం చెప్పాను, ఫోనులోనే. మూత లేకపోతే ఎలా అంది. మూత సంగతి నేను వచ్చినప్పుడు చూద్దాం అన్నాను.